పావురానికి ఉన్న కేంద్రకం మన ఎర్ర రక్తకణానికి ఎందుకు లేదు?

మీరు అడిగినవి మూడు. ఒకటి: క్షీరదాల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం లేనిది హీమోగ్లోబిన్‌కి చోటు కోసమేనని కోచింగ్‌లో చెప్పారు, మరి మక్కా మసీదు దగ్గర గుంపులుగా లేచే పావురాల ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది కదా, వాటికి మనకన్నా తక్కువ ఆక్సిజన్ సరిపోతుందా అని. రెండు: మీ అక్కకి పుట్టిన పాపకి మర్నాడు చేసిన రక్తపరీక్షలో ‘ఎన్‌ఆర్‌బీసీ 6’ అని వచ్చింది, కేంద్రకం ఉన్న ఎర్రకణాలు మనిషిలో ఉండవంటూనే వాటిని లెక్కపెట్టడం ఏమిటని. మూడు: కేంద్రకమే లేకపోతే రక్తపు మరకలోంచి డీఎన్‌ఏ ఎలా తీస్తారని.

నేను హైదరాబాద్‌లో పాథాలజిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. రక్తం స్లైడ్లు చూడటమే నా రోజువారీ పని కాబట్టి కొంచెం విడమరచి చెప్తాను.

ముందు పాప సంగతి, ఇంట్లో అందరూ కంగారు పడుతుంటారు. నెలలు నిండి పుట్టిన బిడ్డకి మొదటి ఒకటి రెండు రోజుల్లో ప్రతి 100 తెల్లకణాలకి పది దాకా కేంద్రకం ఉన్న ఎర్రకణాలు కనిపించడం మామూలే. కడుపులో ఉన్నప్పుడు ఆక్సిజన్ తక్కువగా అందుతుంది కాబట్టి రక్తం తయారీ జోరుగా సాగుతుంటుంది. ఆ జోరులో కొన్ని పూర్తిగా తయారుకాకుండానే బయటికి వచ్చేస్తాయి. వారం తిరిగేసరికి అవి మాయమవుతాయి. పాప పాలు తాగుతూ, రంగు బాగుండి, పిల్లల డాక్టరు చూసి ఫరవాలేదంటే ఈ ఒక్క అంకె గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. ఇదే అంకె నలభై ఏళ్ల మనిషి రిపోర్టులో ఉంటే మాత్రం నేను స్లైడు పక్కన పెట్టి ఆ డాక్టరుకి ఫోన్ చేస్తాను. ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం. మన ప్రతి ఎర్రకణానికీ ఒకప్పుడు కేంద్రకం ఉండేది. ఎముక మూలుగలో మొదట కనిపించే ప్రోఎరిత్రోబ్లాస్టు పెద్ద కణం, అందులో సింహభాగం కేంద్రకమే. అది మూడు నుంచి ఐదు సార్లు విభజన చెందుతుంది. విభజన జరిగిన ప్రతిసారీ కణం చిన్నదవుతుంది, లోపల హీమోగ్లోబిన్ పెరుగుతుంది, కేంద్రకం ముడుచుకుని గట్టిపడుతుంది. లీష్మన్ రంగు వేసిన మూలుగ స్లైడు మీద ఈ వరస చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొదట కణద్రవ్యం ముదురు నీలం, అది ప్రోటీన్లు తయారుచేసే రైబోసోముల రంగు. తర్వాత బూడిద కలిసిన నీలం. చివరికి గులాబీ, అది హీమోగ్లోబిన్. ఆ చివరి దశలో కేంద్రకం ఇంకుచుక్కలా నల్లగా, గుండ్రంగా, కణం మధ్యలో కాకుండా ఒక అంచుకి జరిగి ఉంటుంది.

అక్కడి నుంచి అది బయటికి పోతుంది. లోపల కరిగిపోవడం కాదు, కణమే దాన్ని నెట్టేస్తుంది. కేంద్రకం వెనక ఆక్టిన్, మయోసిన్ పోగులతో ఒక వలయం ఏర్పడి బిగుసుకుంటుంది, కణవిభజన ఆఖర్లో రెండు పిల్లకణాల మధ్య బిగిసే వలయం లాంటిదే. లోపలున్న చిన్న చిన్న పొరసంచులు ఆ నడుము దగ్గరికి చేరి కలిసిపోయి కొత్త పొర సమకూరుస్తాయి. నిమిషాల్లో రెండు ముక్కలు తయారు. ఒకటి కేంద్రకం లేని రెటిక్యులోసైటు, అంటే ఇంకా పూర్తిగా తయారుకాని కుర్ర ఎర్రకణం. రెండోది కేంద్రకం, దాని చుట్టూ పలచని కణద్రవ్యం, కొంచెం పొర. దీన్ని పైరినోసైటు అంటారు. పంపకంలో పక్షపాతం కూడా ఉంటుంది: పొరకి బలాన్నిచ్చే స్పెక్ట్రిన్ వల దాదాపు అంతా రెటిక్యులోసైటుకే పోతుంది.

పైరినోసైటుకి ఆయుష్షు లేదు. మూలుగలో ఈ పిల్లకణాలన్నీ ఒక మాక్రోఫేజ్ (చెత్తని తినేసే పెద్ద కణం) చుట్టూ గుమిగూడి పెరుగుతాయి. ఈ ‘ఎర్రకణాల దీవి’ని ఫ్రాన్స్‌లో మార్సెల్ బెస్సిస్ 1958లో వర్ణించాడు. బయటపడ్డ పైరినోసైటు తన పొర మీద ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు అణువుని బయటికి తిప్పి చూపిస్తుంది. మాక్రోఫేజ్‌కి అది ‘నన్ను తినెయ్’ అన్న గుర్తు. తినేస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. మన ఒంట్లో సెకనుకి సుమారు 20 లక్షల ఎర్రకణాలు తయారవుతాయి. అంటే సెకనుకి 20 లక్షల కేంద్రకాలు పారేస్తున్నాం. ఒక్కో దాంట్లో డీఎన్‌ఏ సుమారు 6.6 పికోగ్రాములు. గుణించి చూస్తే రోజుకి ఒక గ్రాము పైచిలుకు. ఈ డీఎన్‌ఏ అంతటినీ మాక్రోఫేజ్‌లు డీఎన్‌ఏస్-2 అనే ఎంజైముతో అరిగించుకోవాలి. ఆ ఎంజైము లేకుండా చేసిన ఎలుకపిల్లలు తీవ్రమైన రక్తహీనతతో పుట్టకముందే చనిపోయాయని 2001లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. కేంద్రకం వదిలించుకోవడం పైసా ఖర్చులేని పనేమీ కాదని చెప్పడానికే ఇదంతా. ఇంత ఖర్చు పెట్టి మరీ చేస్తోందంటే లాభం గట్టిదే అయివుండాలి.

ఆ లాభం ‘హీమోగ్లోబిన్‌కి చోటు’ ఒక్కటే అనడంతోనే నాకు పేచీ. ఒక్కో ఎర్రకణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులున్న మాట నిజం, కేంద్రకం పోతే ఆ మేరకు చోటు మిగిలే మాటా నిజం. కానీ మీ పావురం ప్రశ్న సరిగ్గా అక్కడే పట్టుకుంది. ఎగిరే పక్షికి బరువుని బట్టి చూస్తే మనకన్నా ఎక్కువ ఆక్సిజన్ కావాలి, తక్కువ కాదు. చలికాలంలో మన తెలంగాణ చెరువులకి కూడా వచ్చే బార్‌హెడెడ్ బాతులు హిమాలయాలు దాటి వస్తాయి, 7,000 మీటర్లకి పైన ఎగురుతూ నమోదయ్యాయి. వాటి ప్రతి ఎర్రకణంలోనూ కేంద్రకం ఉంది. పక్షి కణాల్లో హీమోగ్లోబిన్ గాఢత మనదానికి దగ్గరదగ్గరగానే ఉంటుంది. వాటి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుగా పారుతుంది కాబట్టి ఆక్సిజన్‌ని మనకన్నా బాగా లాక్కుంటాయి. పైగా చోటు చాలకపోతే ఇంకొన్ని కణాలు తయారుచేసుకుంటే సరిపోయేది. కాబట్టి చోటు అన్నది ఒక కారణం, అంతే. నీట్‌లో ఆ ఆప్షన్ వస్తే మాత్రం కళ్ళు మూసుకుని టిక్కు పెట్టండి. అక్కడ వాదనకి మార్కులుండవు.

నా లెక్కలో అంతకన్నా పెద్ద కారణం ఇరుకు సందుల్లో దూరగలగడం. ఎర్రకణం వ్యాసం 7.5 మైక్రాన్ల చిల్లర (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సన్న కేశనాళికలు 5 మైక్రాన్లే ఉంటాయి. ప్లీహంలో (స్ప్లీన్) అయితే రక్తం గోడకణాల మధ్య చీలికల్లోంచి బయటపడాలి, వాటి వెడల్పు ఒక మైక్రాను, ఒక్కోచోట అంతకన్నా తక్కువ. 120 రోజుల జీవితంలో కణం ఈ పరీక్ష మళ్ళీ మళ్ళీ రాయాలి. ఎలా పాసవుతుందంటే, దాని పొర అవసరానికి మించి ఉంటుంది. 90 ఫెమ్టోలీటర్ల ఘనపరిమాణానికి గుండ్రటి బంతి అయితే 97 చదరపు మైక్రాన్ల పొర చాలు, ఎర్రకణానికి 140 దాకా ఉంటుంది. సగం నిండిన పాలప్యాకెట్టు గేటు చువ్వల మధ్య నుంచి సులువుగా అవతలికి జారుతుంది, అందులో ఒక నిమ్మకాయ వేసి చూడండి. కణంలో అన్నిటికన్నా బిరుసైన భాగం కేంద్రకమే.

ప్లీహం ఈ పనిని ఎంత పట్టుదలగా చేస్తుందో మాకు రోజూ కనిపిస్తుంది. కేంద్రకం పోయేటప్పుడు ఒక్కోసారి చిన్న ముక్క మిగిలిపోతుంది. హోవెల్-జాలీ బాడీ అంటాం. కణం చీలికలోంచి దూరేటప్పుడు ప్లీహం ఆ ముక్కని మాత్రం గిల్లేసి కణాన్ని వదిలేస్తుంది. ప్లీహం తీసేసిన వాళ్ళ స్లైడులో, లేదా సికిల్ సెల్ జబ్బుతో ప్లీహం ఎండిపోయిన వాళ్ళ స్లైడులో, ఈ నల్లటి చుక్కలు కణానికొకటి చొప్పున అక్కడక్కడా కనిపిస్తాయి. రోగి ముఖం చూడకుండానే ‘ఈయనకి ప్లీహం పనిచేయట్లేదు’ అని చెప్పేయొచ్చు. ప్లీహం లేనివాళ్ళకి న్యుమోకాకస్ బ్యాక్టీరియాతో ప్రమాదం ఎక్కువ, అందుకే ఆ చుక్క కనిపిస్తే దాని టీకా వేయించారా అని అడగడం నాకు అలవాటు.

ఇంకో కోణం నాకు ఎక్కువ నచ్చింది, మన పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనపడదు. జీవుల్లో జీనోము, అంటే కణంలోని మొత్తం డీఎన్‌ఏ, ఎంత పెద్దదైతే కేంద్రకం అంత పెద్దది, కణమూ అంత పెద్దది. సాలమాండర్లకి భారీ జీనోము ఉంటుంది. ఆంఫియూమా అనే సాలమాండర్ ఎర్రకణం 70 మైక్రాన్ల పొడవు దాకా ఉంటుంది, మనదానికి సుమారు పదింతలు. పెద్ద కణంలోకి ఆక్సిజన్ వెళ్ళడం, రావడం నెమ్మది. పక్షులు ఈ చిక్కుని జీనోము తగ్గించుకుని దాటాయి: కోడి జీనోము వంద కోట్ల బేస్ జతల పైచిలుకు, మనది 300 కోట్ల పైన. క్షీరదాలు జీనోముని అలాగే ఉంచుకుని కేంద్రకాన్నే బయటికి నెట్టాయి. ఇక కణం ఎంత చిన్నదైనా కావచ్చు. మన నెహ్రూ జూ పార్కులో పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలిన మూషిక జింకలు తెలుసు కదా. వాటి ఆగ్నేయాసియా బంధువుల ఎర్రకణం 2 మైక్రాన్లే, క్షీరదాలన్నిటిలోకీ చిన్నది. క్షీరదం కేంద్రకం అందులో దూరడానికే చోటుండదు.

ఈ వాదనకి బలమిచ్చే వింత సాక్షి అమెరికాలో ఉంది. బాత్రకోసెప్స్ అనే సాలమాండర్ పురుగులా సన్నగా ఉంటుంది, జీనోము మాత్రం పెద్దది. క్షీరదం కాకపోయినా దాని ఎర్రకణాల్లో చాలావాటికి కేంద్రకం ఉండదు. సన్న ఒళ్ళు, పెద్ద జీనోము కలిసినచోట ప్రకృతి మళ్ళీ అదే దారి పట్టింది. క్షీరదాల్లో అయితే గుడ్లు పెట్టే ప్లాటిపస్ దగ్గర్నుంచి అందరికీ ఈ గుణం ఉంది, అంటే చాలా పాత సంగతి. ఒంటె ఎర్రకణం కోలగా ఉంటుంది కాబట్టి దానికి కేంద్రకం ఉంటుందని కొన్ని గైడ్లలో రాస్తారు. ఉండదు.

ఒక తప్పు దిద్దాలి. ‘కేంద్రకం లేదు కాబట్టి ఎర్రకణం తాను మోసే ఆక్సిజన్‌ని తాను వాడుకోదు’ అని కలిపేసి చెప్తుంటారు. ఆక్సిజన్ వాడుకోనిది, దానితో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా లేకపోవడం వల్ల. అవి పోవడం వేరే ఘట్టం. కేంద్రకం పోయాక రెటిక్యులోసైటు దశలో ఒకటి రెండు రోజుల పాటు మైటోకాండ్రియా, రైబోసోములు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతాయి. రెండూ కలిసే పోవాలన్న నియమం లేదు: ప్లేట్‌లెట్లకి కేంద్రకం లేదు కానీ మైటోకాండ్రియా ఉన్నాయి. పక్షి ఎర్రకణానికి రెండూ ఉన్నాయి. మన ఎర్రకణం గ్లూకోజుని ఆక్సిజన్ లేకుండానే విరిచి, ఒక్కో గ్లూకోజుకి రెండు ఏటీపీలతో సరిపెట్టుకుంటుంది.

దీనికి కణం చెల్లించే మూల్యం ఏమిటో కూడా అడగాలి. కేంద్రకం, రైబోసోములు పోయాక కొత్త ప్రోటీను ఒక్కటి కూడా తయారుకాదు. పుట్టినప్పుడు ఉన్న సరుకుతోనే చివరిదాకా నెట్టుకురావాలి. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు చేయించుకునే హెచ్‌బీఏ1సీ ఈ పేదరికం మీదే నడుస్తుంది. రక్తంలో చక్కెర హీమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది. ఆ హీమోగ్లోబిన్‌ని మార్చుకునే దారి కణానికి లేదు, అందుకే గత రెండు మూడు నెలల చిట్టా అందులో భద్రంగా ఉంటుంది. పరీక్ష ముందురోజు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ మానేసి వచ్చేవాళ్ళని చూసి నవ్వుకుంటాం. అదే తలసేమియా లాంటి జబ్బుల్లో కణాలు 120 రోజులు బతకవు, కాబట్టి చక్కెర ఎక్కువున్నా హెచ్‌బీఏ1సీ తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఆ సంగతి డాక్టరుకి చెప్పకపోతే మందు తప్పుతుంది.

జీ6పీడీ లోపం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఈ ఎంజైము కణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడుతుంది. లోపం ఉన్నవాళ్ళలో అది త్వరగా చెడిపోతుంది, కొత్తది చేసుకునే వీల్లేదు, కాబట్టి ముసలికణాలు నిరాయుధంగా మిగులుతాయి. వైవాక్స్ రకం మలేరియాకి ప్రైమాక్విన్ అనే మందు ఇచ్చినప్పుడు ముందు పగిలేవి అవే. ఇందులో ల్యాబు వాళ్ళకి ఒక ఉచ్చు ఉంది. కణాలు పగిలిన వెంటనే పరీక్ష చేస్తే ముసలివి పోయి, ఎంజైము ఇంకా మిగిలున్న కుర్రకణాలే ఉంటాయి కాబట్టి రిజల్టు నార్మల్ అని రావచ్చు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చేయాలి.

మలేరియా మాట వచ్చింది కాబట్టి ఇంకో వాదన కూడా తేల్చేద్దాం. కేంద్రకం లేకపోతే వైరస్‌లు అందులో పెరగలేవు, రక్షణ కోసమే ఇలా అయిందని కొందరంటారు. వైరస్‌ల వరకు సరే. పార్వోవైరస్ బీ19 కూడా ఎర్రకణాన్ని వదిలేసి, కేంద్రకం ఉన్న దాని పూర్వకణాల మీద మూలుగలో దాడి చేస్తుంది. కానీ మలేరియా పరాన్నజీవికి ఈ ఖాళీ ఇల్లే కలిసొచ్చింది. తన సరంజామా తానే తెచ్చుకుంటుంది, పైగా కణం లోపల ఏముందో బయటికి చూపించే ఎంహెచ్‌సీ-1 అణువులు ఎర్రకణం మీద లేనట్టే కాబట్టి కిల్లర్ టీ-కణాలు లోపలి దొంగని గుర్తుపట్టలేవు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మనిషి మలేరియా క్రిమిని చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో మిగతా కథ పూర్తిచేసింది పక్షుల మలేరియాతో. ఆ క్రిమి కేంద్రకం ఉన్న ఎర్రకణంలోనూ హాయిగా కాపురం చేస్తుంది. కేంద్రకం ఉన్నా లేకున్నా మలేరియాకి పట్టింపు లేదన్నమాట, కాబట్టి రక్షణ వాదనకి నేను పెద్దగా విలువివ్వను.

పెద్దవాళ్ళ రిపోర్టులో ఎన్‌ఆర్‌బీసీ కనిపిస్తే ఎందుకు ఫోన్ చేస్తానన్నానో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. మామూలుగా మూలుగ వీటిని గడప దాటనివ్వదు. దాటాయంటే, తలసేమియాలోలా తయారీ ఒత్తిడి విపరీతంగా ఉండాలి, లేదా ఎర్రకణాలు ఎక్కడో గుంపులుగా పగిలిపోతుండాలి, లేదా ఆక్సిజన్ బాగా తగ్గిపోయి ఉండాలి, లేదా క్యాన్సర్ లాంటిదేదో మూలుగలో చొరబడి కట్టుదిట్టం చెడగొట్టి ఉండాలి. ల్యాబులో దీనితో ఒక తలనొప్పి కూడా ఉంది. పాత తరహా మిషన్లు కేంద్రకం కనిపిస్తే చాలు, తెల్లకణం కింద జమకడతాయి. తలసేమియా పిల్లాడికి తెల్లకణాలు 44,000 అని వస్తుంది, ఇంట్లోవాళ్ళు బ్లడ్ క్యాన్సరేమోనని హడలిపోతారు. స్లైడు మీద చేత్తో లెక్కిస్తే ప్రతి 100 తెల్లకణాలకి 120 ఎన్‌ఆర్‌బీసీలు ఉన్నాయనుకోండి, 44,000ని 100తో గుణించి 220తో భాగిస్తే అసలు సంఖ్య 20,000. కొత్త మిషన్లు విడిగానే లెక్కిస్తాయి, అయినా స్లైడు చూడనిదే నేను సంతకం పెట్టను. లింఫోసైటు అనే తెల్లకణానికీ ఎన్‌ఆర్‌బీసీకీ తేడా కణద్రవ్యంలో ఉంటుంది: లింఫోసైటుది లేత నీలం, దీనిది గులాబీ కలిసిన బూడిదరంగు.

ఇక మూడో ప్రశ్న చిన్నదే. రక్తపు మరకలో డీఎన్‌ఏ తెల్లకణాలది. ఒక మైక్రోలీటరు రక్తంలో ఎర్రకణాలు 50 లక్షలుంటే తెల్లకణాలు 4,000 నుంచి 11,000. అయినా ఆ కాసిన్ని చాలు. మన హైదరాబాద్ పరిశోధన సంస్థలైన సీసీఎంబీలో లాల్జీ సింగ్ మొదలుపెట్టిన డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అయినా, ఈరోజు సీడీఎఫ్‌డీలో చేసే పరీక్షలైనా, రక్తం నమూనా అంటే తెల్లకణాల కోసమే. కోడి రక్తం అయితే ఈ ఇబ్బంది లేదు, ప్రతి ఎర్రకణమూ డీఎన్‌ఏ ఇస్తుంది. అదే చుక్కకి మనకన్నా వంద రెట్లకి పైనే వస్తుంది.

ఇదంతా కళ్ళారా చూడాలనుంటే ఆదివారం చికెన్ షాపుకి గాజు స్లైడు పట్టుకెళ్ళండి. కోసిన వెంటనే ఒక చిన్న చుక్క స్లైడు చివర పెట్టించుకుని, ఇంకో స్లైడు అంచుతో పలచగా లాగి ఆరబెట్టండి, ఆలస్యం చేస్తే గడ్డకడుతుంది. కాలేజీ ల్యాబులో మీ లెక్చరర్ ఎదురుగా లీష్మన్ రంగు రెండు నిమిషాలు, దానికి రెట్టింపు బఫర్ నీళ్ళు కలిపి ఇంకో ఎనిమిది పది నిమిషాలు ఉంచి కడిగేయండి. మనిషి రక్తం స్లైడు ఒకటి పక్కన పెట్టుకుని 40 రెట్ల లెన్సు కింద రెండూ మార్చి మార్చి చూడండి. కోడిది కోలగా, మధ్యలో కోలటి ఊదా కేంద్రకంతో, మన కణంకన్నా పొడవుగా కనిపిస్తుంది. తర్వాత ఆ కోడి స్లైడులోనే తెల్లకణాలని లెక్కపెట్టడానికి ప్రయత్నించండి. అన్నిటికీ కేంద్రకాలే కాబట్టి మనుషుల మిషను ఆ రక్తం దగ్గర చేతులెత్తేస్తుంది. అందుకే పక్షుల రక్తాన్ని వెటర్నరీ ల్యాబుల్లో ఇప్పటికీ ఎక్కువగా చేత్తోనే లెక్కిస్తారు.